దున్న, మిడత

నా భర్త ఖమ్‌సేన్ మోటారుసైకిలు పేరు దున్న. ఆయన స్నేహితుడు ఉథిత్ బండి పేరు మిడత. రెండూ ఒకరి బండికి ఒకరు వెక్కిరింపుగా పెట్టిన పేర్లే. తర్వాత అవే నిలిచిపోయాయి.

దున్న నల్లది, బాగా బరువైనది. నేలకు దగ్గరగా ఉంటుంది. దాని హ్యాండిలు కొమ్ముల్లా వెడల్పుగా వెనక్కి వంగి ఉంటుంది. నడిపేవాడు వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి కూర్చోవాలి. మిడత ఆకుపచ్చది, సన్నది. దాని మీద మనిషి బోర్లా పడుకున్నట్టు ముందుకు వంగాలి. మోకాళ్ళు పైకి, పాదాలు వెనక్కి మడిచి పెట్టుకోవాలి.

"ఒకడేమో సోఫాలో, ఇంకొకడేమో బుద్ధుడి ముందు దణ్ణంలో. మధ్యలో మామూలు మనిషిలా కూర్చునేవాడు ఒక్కడూ లేడు," అనేది వన్‌పెన్ అక్క.

కొండ దాటి పాయ్ ఊరికి పోయే రోడ్డు మా మే మాలై బజారు దగ్గరే మొదలవుతుంది. ఆ మొదట్లోనే వన్‌పెన్ అక్క కాఫీ కొట్టు ఉంది. ఆదివారం పొద్దున కొండ ఎక్కే బండ్లన్నీ ముందు అక్కడ ఆగుతాయి. అక్కకీ దున్న లాంటి పెద్ద బండే ఉంది. ఆమె కాఫీ కలుపుతూ, ఆ కలిపే గిన్నెతోనే బల్ల మీద కొట్టి తగువులు తీర్చేది. తగువు ఎప్పుడూ ఒకటే. ఏ బండి మీద పోతే పోయినట్టుంటుంది అని.

"మిడత మీద రోడ్డు అరిచేతుల్లోకి వస్తుందన్నా. గులకరాయి ఎక్కినా తెలుస్తుంది," అనేవాడు ఉథిత్. అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. మా ఆయనకన్నా బాగా చిన్నవాడు.

"గులకరాయితో నాకేం పనిరా? నేను కొండ చూడ్డానికి పోతున్నా, రాళ్ళు ఏరడానికి కాదు."

"నీ దున్న మలుపు తిరగాలంటే ముందురోజే అర్జీ పెట్టుకోవాలి."

"నీ మిడత దిగాక నడుం పట్టడానికి పెళ్ళాం కావాలి. నీకేమో పెళ్ళాం లేదాయె."

ఈ తగువులకు ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి బండిని మరీ శ్రుతిమించి వెక్కిరించినవాడు, తర్వాత ఆగే చోటు దాకా ఆ బండే నడపాలి. తాళాలు చేతిలో పెడతారు. కాదంటే పరువు పోతుంది. ఎవరు పెట్టారో తెలియదు, ఖమ్‌సేన్ ఈ బండ్ల లోకంలోకి రాకముందు నుంచీ ఉంది.

ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. పక్కింటివాళ్ళ కొత్త ఇల్లు, నేను వంటకి ఒప్పుకున్నాను. బండ్లవాళ్ళు కొండ పైన కొట్టు దగ్గర ఆగారట. ఖమ్‌సేన్ మిడత చుట్టూ ఒకసారి తిరిగి, "దీని మీద కూర్చోవడం కన్నా గుడ్లు పొదిగే కోడి మీద కూర్చోవడం నయం," అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు. ఉథిత్ తాళం చాపాడు. ఖమ్‌సేన్ నవ్వుతూ దున్న తాళం అతనికి ఇచ్చాడు.

అక్కడినుంచి పాయ్ వైపు దిగుడు. మిడత మీద ఖమ్‌సేన్ ముందు, దున్న మీద ఉథిత్ వెనక. మొదటి మలుపులు ఖమ్‌సేన్ బాగానే తిరిగాడు. ఆ తర్వాతి పెద్ద మలుపులో తిరగలేదు.

"బ్రేకు దీపం వెలగలేదు వదినా," అన్నాడు ఉథిత్ ఆసుపత్రి వరండాలో. "వెలుగుతుంది, ఇప్పుడు వెలుగుతుంది అని చూస్తూనే ఉన్నా. వెలగలేదు."

దహనం రోజున బండ్లవాళ్ళంతా వచ్చి గుడి బయట వరసగా నిలబడి ఇంజిన్లు ఒక్కసారిగా మోగించారు. అది వాళ్ళ పద్ధతి. నేల అదిరింది. ఆ అదురు నా చెప్పుల కిందినుంచి మోకాళ్ళ దాకా వచ్చింది. పొయ్యి మీద ఏదైనా పెట్టి మర్చిపోయానా అనుకున్నాను.

దీపం వెలగలేదన్న మాట ఊరంతా పాకింది. అంటే ఆపాలని చూడలేదు. వేగం రుచి తగిలింది, ఈ వయసులో పిల్లకాయల బండి ఎక్కి కళ్ళు నెత్తికెక్కాయి అన్నారు. మా అత్త అలా అనుకోలేదు. ఆ ఆకుపచ్చ బండి తన కొడుక్కి మత్తు పెట్టిందని ఆమె అంది. ఉథిత్‌ని గేటు దాటి రానివ్వలేదు. అతను రోజూ సాయంత్రం కొట్టు మూసి వచ్చి సందులో నిలబడేవాడు. కొంచెంసేపు ఉండి వెళ్ళిపోయేవాడు.

నేను ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి కూర్చుంటే కుదిరేది కాదు. ఒకరోజు చేతి మీద వేడి నూనె చింది బొబ్బ లేచింది. లేచిన తర్వాత చూసి, చిందింది కాబోలు అనుకున్నాను.

"ఏడవదు. చూడు, రాయిలా తిరుగుతుంది," అనేది అత్త వచ్చినవాళ్ళతో. నన్ను తిట్టడానికి కాదు. ఉన్న సంగతి చెబుతున్నట్టే చెప్పేది.

ఆమె మాత్రం నిద్రపోవడం మానేసింది. వాకిట్లో వెదురు బల్ల మీద కూర్చునేది. గేటు మూయనిచ్చేది కాదు. సన్యాసుల పఠనాలు అయిపోయాయి, దానాలు అయిపోయాయి. అయినా ఖమ్‌సేన్ ఆమె కలలోకి రాలేదు. పోయినవాడు ఇల్లు చేరితే ఏదో ఒకటి కదిలిస్తాడంటారు, ఇంట్లో ఒక గిన్నె చప్పుడు కూడా కాలేదు.

"వాడు ఇంటికి రాలేదే సైథిప్. ఆ మలుపులోనే నిలబడి ఉన్నాడు. వాన పడుతోంది అక్కడ. పాయ్ నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, రోజూ వానేనట."

ఆమె అన్నం ముట్టడం తగ్గించింది. మణికట్టుకి రక్షగా కట్టిన దారం వదులై మోచేతి దాకా జారింది. ఒకే ఇంట్లో ఇంకొకరిని తీసుకెళ్ళి కాల్చే ఓపిక నాకు లేదు. అందుకని నాన్ పాన్ తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలా ఏళ్ళు సన్యాసిగా ఉండి బయటికొచ్చినవాడు. ఊళ్ళో ఇలాంటి పనులన్నీ ఆయనే చూస్తాడు.

తాత మా వాకిట్లోకి వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు.

"రోడ్డు మీద పోయినవాడికి తాను పోయినట్టు తెలీదు. బండి కోసం చూస్తూ నిలబడి ఉంటాడు. వెళ్ళి తెచ్చుకోవాలి. భార్య పిలవాలి. జిగురన్నం ముద్ద, ఉడికిన గుడ్డు, అరటిపండు, వాడి చొక్కా. చేపలు తోడే బుట్ట ఒకటి. అక్కడ గాలిలో తోడి, చొక్కాలో పోసి, చొక్కాని బండికి కట్టాలి. దారిలో ప్రతి వంతెనకీ, ప్రతి మలుపుకీ నోటితో చెబుతూ రావాలి. చెప్పకపోతే వెనకబడిపోతాడు."

"ఏ బండికి?" అంది అత్త.

"చివర ఏ బండి మీద ఉన్నాడో ఆ బండికి. అదొక్కటే వాడు గుర్తుపడతాడు. ఇంకో సంగతి, కట్టిన చొక్కా ఇల్లు చేరేదాకా విప్పకూడదు. బండి మార్చకూడదు. తప్పు బండికి కట్టారా, సగం దారిలో దిగిపోతాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా రాడు. రెండోసారి లేదు దీనికి."

అత్త గేటు అవతల సందు వైపు చూసింది.

"అయితే ఆ ఆకుపచ్చదే. ఆ పిల్లాణ్ణి పిలు," అంది.

సందులో నిలబడిన ఉథిత్‌కి నేనే వెళ్ళి చెప్పాను. మిడతను అతను బాగుచేయించాడు. విరిగిన పై తొడుగులు పీకేశాడు, ఇంజినూ పైపులూ బయటికి కనిపిస్తాయి. కానీ దాని మీద ఇంతవరకూ కూర్చోలేదు.

"నేను నడపలేను వదినా. ఇంకెవరైనా నడపమనండి. తాళం ఇస్తా."

"ఆ తాళాలివ్వడం ఇంక చాల్లేరా," అంది వన్‌పెన్ అక్క. ఆమె అప్పుడే కూర తెచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. "దాన్ని నీలా నడిపేవాడు మే మాలైలో ఎవడున్నాడు? వెనక ఆడమనిషిని కూర్చోబెట్టుకుని ఆ కొండ దించాలి. నేను ఎక్కితే నా బరువుకి అది మిడత కాదు, చెట్నీ అవుతుంది."

ఉథిత్ చేతిలో తాళం జేబులో పెట్టుకున్నాడు.

"దున్నని నేను తెస్తా మీ వెనకాల. ఇన్నాళ్ళూ కదలకుండా నిలబడి ఉంది, బ్యాటరీ చస్తుంది. మనిషి పోతే బండి కూడా పోవాలా?" అని అక్క కూర గిన్నె నా చేతికి ఇచ్చింది. "చెల్లీ, తిను ముందు. ఎల్లుండి పోదాం."

అలా బయలుదేరాం. అత్త గేటు దాకా వచ్చి చొక్కా నా చేతికిచ్చింది. ఆయన వెల్డింగ్ పనికి వేసుకునే నీలం చొక్కా. నిప్పురవ్వలు పడి అక్కడక్కడా చిల్లులున్నాయి. "సరిగ్గా కట్టు," అని మాత్రం అంది.

పెళ్ళయిన దగ్గరనుంచీ నేను దున్న వెనకే కూర్చున్నాను. మిడత ఎక్కడం అదే మొదలు. వెనక సీటు అరచెయ్యంత. అది కూడా నడిపేవాడి తలకన్నా ఎత్తులో ఉంది. పాదాలు పెట్టుకోవడానికి చిన్న ఇనప ముక్కలు, వెనకాల ఎక్కడో. మోకాళ్ళు కడుపుకి తగిలాయి. పట్టుకోవడానికి ఉథిత్ నడుం తప్ప ఏమీ లేదు. దున్న మీద నా వీపుకి ఆనుకునే దిండు ఉండేది. గాలి అంతా ఖమ్‌సేన్‌కే తగిలి, నా దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించి వచ్చేది. ఇక్కడ గాలి ముందు నా ఛాతీనే వెతుక్కుంది.

ఉథిత్ భయంతో మెల్లగానే పోనిచ్చాడు. అయినా అతను యాక్సిలరేటరు కాస్త తిప్పితే నా కడుపు అక్కడే ఉండిపోయి నేను ముందుకు వెళ్ళాను. అది వదిలితే జారి అతని వీపు మీద పడ్డాను. శబ్దం కూడా వేరు. దున్న ఇంజిను దెబ్బలు విడివిడిగా వినిపిస్తాయి, గుమ్మడికాయ పండిందో లేదో వేళ్ళతో కొట్టి చూసినట్టు. మిడత శబ్దంలో విడివిడి దెబ్బలు లేవు. ఒకటే సన్నటి గీత, పళ్ళలోంచి పోయింది.

"వదినా, మలుపులో నాతోపాటు వాలండి. మీరు నిటారుగా ఉంటే ఇది తిరగదు," అన్నాడు ఉథిత్ తల సగం తిప్పి.

"ఎటు?"

"నేను ఎటు వాలితే అటు. నా భుజం మీదనుంచి చూడండి."

దున్న మీద నాకు ఈ పని ఎప్పుడూ పడలేదు. ఖమ్‌సేన్ నన్ను మూట అనేవాడు. మూట కదలకుండా ఉంటే చాలు, దున్న తన బరువుతో తాను తిరుగుతుంది. నేను నిద్ర కూడా పోయేదాన్ని. మిడత మీద నిద్రపోతే ఇద్దరం రోడ్డు మీద ఉంటాం. మలుపు వచ్చిన ప్రతిసారీ ఒక పక్కకి నేల లేచి దగ్గరికి వచ్చేది, మళ్ళీ దిగేది. గడ్డి పరకలు కనిపించాయి. ఈ పిల్లలు దీనికోసమే ఎక్కుతారు కాబోలు అనుకున్నాను. బాగానే ఉంది. బాగుందని తెలిసింది, అంతే.

నాకు అక్షరాలు వచ్చింది ఆలస్యంగా, గుడి అరుగు మీద పెద్దవాళ్ళకి పెట్టిన బడిలో. అప్పటినుంచీ దున్న మీద వెళ్ళేటప్పుడు వంతెనల పేర్లు పైకి చదివేదాన్ని. చివరి అక్షరం దాకా చదివేంత తీరిక ఉండేది. మిడత మీద మొదటి అక్షరం పట్టుకునేసరికి వంతెన వెనక్కి పోయింది.

కొండ పైన కొట్టు దగ్గర ఆగాం. ఉథిత్ దిగి మణికట్లు పిసుక్కున్నాడు. అక్క దున్న దిగి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నీ మొగుడి దున్న నా మాట వినదు చెల్లీ. ఎడమకి పదవే అంటే, ఆలోచించుకుని చెబుతానంటుంది," అని ఉథిత్ వైపు తిరిగింది. "ఏంట్రా, చేతులు వణుకుతున్నాయి?"

"బండి వణుకక్కా."

"ఆ బండికి వణుకు లేదని రోజూ నువ్వేగా చెప్పేది."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఎవరూ కాఫీ తాగలేదు. కొట్టు ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చి, డబ్బాలోంచి అరటిపండు ఒకటి తీసి నా సంచిలో పెట్టింది. మళ్ళీ ఎక్కాం. ఇక దిగుడు.

చెట్లు దట్టంగా ఉన్నాయి. వాన లేదు గానీ రోడ్డు తడిగా ఉంది. ఉథిత్ ఇంకా మెల్లగా పోనిచ్చాడు. సైకిలు కూడా అంత మెల్లగా పోదు. ఒక మలుపు, ఇంకో మలుపు. తర్వాత రోడ్డు కుడి పక్కకి ఒక్కసారిగా మడత పడి కిందికి దిగింది. అవతల కొత్తగా పాతిన ఇనప స్తంభాలు, వాటికి తెలుపు, ఎరుపు పట్టీలు. ఇదే అని ఎవరూ చెప్పలేదు.

బండి ఒక్కసారి ఊగింది. ఉథిత్ "అమ్మా" అని పక్కకి తీసి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఆపేశాడు.

"ఏంటి వదినా? ఎందుకు తన్నారు?"

"నేను తన్నలేదు."

"ఇక్కడ తగిలింది. పిక్క మీద. గట్టిగా."

నేను నా కుడికాలు చూసుకున్నాను. అది ఇనప ముక్క మీద లేదు. ముందుకు చాపుకుని, అతని కాలి పక్కనుంచి గాలిలో ఉంది. బొటనవేలు ఇంకా కిందికి నొక్కి పట్టి ఉంది.

"బ్రేకు తొక్కాను," అన్నాను.

"వెనక కూర్చున్నవాళ్ళకి బ్రేకు ఎక్కడుంటుంది వదినా?"

"ఉండదు. దున్న మీద నా పాదం కింద పలక ఉంటుంది. కొండ దిగేటప్పుడు మీ అన్న కాలు ముందుకు చాపి తొక్కితే నేనూ నా పలక తొక్కేదాన్ని. దానివల్ల ఏమీ ఆగదు. అయినా తొక్కేదాన్ని. ఇప్పుడూ మలుపు చూసి అలాగే తొక్కాను. ఇక్కడ పలక లేదు."

వన్‌పెన్ అక్క వెనకాలే వచ్చి ఆగి, దున్న స్టాండు వేసింది. ఉథిత్ ఆమె వైపు చూడలేదు. దున్న పక్కన గొంతుక్కూర్చుని, బ్రేకు పలకని చేత్తో ముట్టుకున్నాడు. అది బండికి బాగా ముందు, చక్రం దగ్గరగా ఉంటుంది. చెప్పు రాపిడికి అరిగి నున్నగా అయ్యింది. తర్వాత మిడత దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. దీని బ్రేకు వేలంత ముక్క, వెనకాల, మడిచి పెట్టుకున్న పాదం ముందువేళ్ళ కింద. అతను అక్కడినుంచి చెయ్యి మెల్లగా ముందుకు జరిపి, దున్నకైతే పలక ఉండే చోట ఆపాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

"అన్న ఇక్కడ తొక్కాడు," అన్నాడు.

"చేతి బ్రేకు ఉందిగా?" అంది అక్క. ఆమె గొంతు తగ్గింది.

"కొండ మీద అన్న చేతి బ్రేకు ముట్టుకోడక్కా. చెయ్యి టౌనుకి, కాలు కొండకి అనేవాడు. దున్న బరువుకి అదే అలవాటు. మొదటి మలుపులు చిన్నవి, యాక్సిలరేటరు వదిలితేనే సరిపోయింది. బ్రేకు అక్కర్లేకపోయింది. ఇక్కడ కావాల్సొచ్చింది." మిడత వెనక దీపం వైపు చూశాడు. "దీపం ఎలా వెలుగుతుంది? గాలిని తొక్కితే వెలగదు."

అతను అక్కడే రోడ్డు అంచున కూర్చుని మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాడు. అక్క అతని తల మీద చెయ్యి వేసింది. నేను సంచి విప్పాను. గుడ్డు చిట్లింది. పెంకు ముక్కలు ఏరి పారేశాను.

స్తంభాల దగ్గర అరటాకు పరిచి అన్నం ముద్ద, గుడ్డు, అరటిపళ్ళు పెట్టాను. చొక్కా పరిచాను. చేపల బుట్టతో గాలిలో తోడి చొక్కాలో పోశాను, మళ్ళీ తోడాను. బుట్టలో ఏమీ లేదు. తాత అలాగే ఉంటుందన్నాడు.

"ఏమయ్యా," అని పిలిచాను. "నేను సైథిప్‌ని. ఇంటికి పోదాం. మీ అమ్మ అన్నం తినడం లేదు. గేటు తీసే ఉంది. రా."

చెట్ల మీదనుంచి నీళ్ళు రాలాయి. క్యాబేజీ లోడు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను చొక్కా చేతులు లోపలికి మడిచి మూట కట్టి లేచాను.

ఉథిత్ మొహం తుడుచుకుని తెల్లదారం తీశాడు. మిడత హ్యాండిలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, చొక్కా ఇమ్మని చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"దానికి కాదు," అన్నాను.

"వదినా?"

"దున్నకి కట్టు."

వన్‌పెన్ అక్క మా ఇద్దరి మధ్యకి వచ్చింది. "చెల్లీ, తాత ఏమన్నాడు? చివర ఏ బండి మీద ఉన్నాడో ఆ బండికి. మీ అత్త ఏం చెప్పి పంపింది?"

"అదే చేస్తున్నాను. ఆ చివరి నిమిషంలో ఆయన కాలు దున్న మీదే ఉంది. కూర్చున్నది దీని మీదే గానీ, దీని సంగతే ఆయనకి గుర్తులేదు. గుర్తుంటే కాలు వెనక పెట్టి తొక్కేవాడు. ఇప్పుడు మిడతని చూపించి ఎక్కమంటే ఆయన గుర్తుపట్టడు."

"పట్టకపోతే? మనం అనుకున్నది తప్పయితే? రెండోసారి లేదన్నాడు తాత."

"తప్పయితే ఇక్కడే ఉంటాడు."

అక్క నా మొహంలోకి చూసింది. నేను కూరగాయల బేరం చేస్తున్నట్టే మాట్లాడుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

"మీ అత్తతో నువ్వే చెప్పాలి ఈ మాట. నేను చెప్పను. ఆ ముసల్దానంటే నాకు భయం."

"చెబుతాను."

ఉథిత్ అప్పటిదాకా దారం వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడ్డాడు. తర్వాత దున్న దగ్గరికి నడిచి, నా దగ్గర చొక్కా మూట తీసుకుని, కుడి కొమ్ముకి దారంతో కట్టడం మొదలుపెట్టాడు. ముడి మీద ముడి వేశాడు. ఇక విప్పడానికి లేదు.

అక్క దున్న ఎక్కింది. నేను వెనక కూర్చున్నాను. కాళ్ళు చాపితే పలకలు పాదాల కిందికి వాటంతట అవే వచ్చాయి. ఇంజిను దెబ్బలు వెన్నులోకి ఒక్కొక్కటే దిగాయి. అరిచేతులు, తొడలు కొంచెం కొంచెంగా తిమ్మిరెక్కాయి.

"ఏమయ్యా, తిరుగుతున్నాం. కుడికి," అన్నాను. "ఇప్పుడు ఎడమకి. పైకి ఎక్కుతున్నాం."

ఎక్కి, మళ్ళీ మా వైపు దిగాం. ప్రతి మలుపూ చెప్పాను. వంతెన వస్తే ముందే దాని పేరు చదివి, "దాటుతున్నాం, వెనకబడకు," అన్నాను. దిగుడులో అక్క నేను అనుకున్నదానికన్నా ఆలస్యంగా బ్రేకు వేసేది. నా కాలు ఆమెకన్నా ముందే పలక తొక్కేది.

ఉథిత్ మిడతను మా వెనకే నడిపాడు. ఆ బండికి అంత మెల్లగా పోవడం చేతకాదు. ఇంజిను వేడెక్కి, ఆగిపోబోయి, మళ్ళీ గుర్రుమనేది. అతని మణికట్లు ఎంత నొప్పెట్టాయో తెలియదు. ఒక్కసారి కూడా దాటి ముందుకు పోలేదు.

ఆయన వచ్చాడా లేదా నాకు తెలియలేదు. బరువేమీ అనిపించలేదు. చొక్కా అంచు గాలికి కొట్టుకుంది. గాలి ఉంటే చొక్కా కొట్టుకుంటుంది. నోరు ఎండిపోయేదాకా చెబుతూనే వచ్చాను, ఎందుకంటే చెప్పమన్నారు.

మధ్యాహ్నం ఎండలో మా సందు మలుపు తిరిగాం. అత్త వెదురు బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన నాన్ పాన్ తాత పళ్ళెంలో బియ్యం పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి వచ్చాడో లేదో తెలుసుకోవడానికి చిటికెడు బియ్యం తీసి గింజలు జతలు జతలుగా పెడతారు. జతలు సరిపోతే వచ్చినట్టు. ఒంటి గింజ మిగిలితే రానట్టు.

అత్త మిడత సన్నటి చప్పుడు కోసం చెవులు పెట్టుకుని ఉంటుంది. ఆమెకి ముందు వినిపించింది దున్న. లేచి నిలబడింది. దారం ఏ బండికి కట్టి ఉందో చూసింది.

నేను దిగి ఆమె ముందుకి వెళ్ళాను.

"అత్తా, దున్నకి కట్టాను."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు." నా కాలు ముందుకు పోయిన సంగతి చెప్పాను. ఉథిత్ చెయ్యి పెట్టి చూసిన చోటు చెప్పాను. దున్నకి బ్రేకు ఎక్కడుంటుందో, మిడతకి ఎక్కడుంటుందో వేలితో చూపించాను. ఆమె రెండు బండ్ల దగ్గరికీ నడిచి, వంగి, రెండూ చూసింది. ఆ వంగడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"అయితే వాడికి వేగం పిచ్చి ఎక్కలేదా?"

"వేగంగా పోయాడో లేదో తెలీదు అత్తా. ఆపాలని మాత్రం చూశాడు."

"ఆపాలని చూశాడు," అంది ఆమె. ఇంకోసారి అంది.

తాత పళ్ళెం ముందుకు జరిపి, చిటికెడు బియ్యం వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "బండి మారింది. చూడాలి మరి," అన్నాడు.

అత్త దున్న కొమ్ము దగ్గరికి వెళ్ళింది. ముడులు గట్టిగా ఉన్నాయి. పంటితో కొరికి తెంపింది. చొక్కా తీసుకుని చంకలో పెట్టుకుంది.

"ఆ గింజలు ఎంచకు నాన్ పాన్."

"ఎంచకపోతే ఎలా తెలుస్తుంది?"

"నువ్వు ఎంచి ఒకటి మిగిలిందంటే నేనేం చెయ్యాలి? రెండోసారి లేదంటివి." ఆమె మెట్ల వైపు తిరిగింది. "నా కొడుకు దున్న దిగాడు. ఖమ్‌సేన్, కాళ్ళు కడుక్కుని పైకి రా."

తాత బియ్యం పళ్ళెంలోకి వదిలేశాడు.

అత్త మెట్టు ఎక్కబోయి ఆగింది. ఉథిత్ గేటు బయటే, మిడత ఇంజిను ఆపి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వేంటి సందులో? ఎండలో పెడితే ఆ బండి పాడైపోదూ? లోపల పెట్టు."

అతను నన్ను చూశాడు. వన్‌పెన్ అక్క అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "పోరా, ముసలావిడ మనసు మార్చుకోకముందే." అతను మిడతను తోసుకొచ్చి దున్న పక్కన స్టాండు వేశాడు. మళ్ళీ గేటు దాకా వెళ్ళి, అక్కడినుంచి ఏం చెయ్యాలో తెలియక తిరిగి వచ్చాడు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. అత్త పైనుంచి అన్నం పెట్టమని కేక వేసింది, తనకి కూడా. జిగురన్నం బుట్ట మూత తీశాను. అరిచేతుల్లో దున్న తిమ్మిరి ఇంకా ఉంది, దేన్ని పట్టుకున్నా పట్టుకున్నట్టు లేదు. మూత పక్కన పెట్టి, ఆ తిమ్మిరి పోయేదాకా ఏమీ ముట్టుకోకుండా నిలబడ్డాను.